ఫ్యూజ్ పోలేదు.. నాన్నకీ తెలియలేదు!

యాప్ క్రాష్ అయితే మాకు పెద్ద భయం ఉండదు. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాల్లో ఎర్రర్ కనిపిస్తుంది. తప్పు ఏ లైన్‌లో ఉందో తెలుస్తుంది. టీ తాగొచ్చి సరిచేసేస్తాం. నిద్ర పట్టనివ్వనిది ఇంకోటుంది. లోపల అంతా తప్పుగా నడుస్తుంటుంది, బయటికి మాత్రం ఒక్క మెసేజ్ కూడా రాదు. మా భాషలో దాని పేరు సైలెంట్ ఫెయిల్యూర్. ఐదారేళ్లుగా కోడ్ రాస్తూ ఆ మాట వందసార్లు వాడి ఉంటా. దాని అసలు అర్థం మాత్రం ఒక పాత జీపు, రెండు సీట్ హీటర్లు, మా నాన్న కలిసి నేర్పారు.

ఈ వారం ఆ కథే.

జీపు పాతది.. చలి కొత్తది

నేనుండేది అమెరికాలోని డెన్వర్‌లో. కొలరాడో అంటేనే కొండలు. వీకెండ్ వస్తే ఇక్కడ సగం ఊరు కొండల్లోనే ఉంటుంది. ఆ పిచ్చి నాకూ పట్టి, 1999 మోడల్ జీప్ చెరోకీ సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. అగ్గిపెట్టె లాంటి షేపు, 4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, ఫోర్ వీల్ డ్రైవ్. ఈ తరహా చెరోకీ అమ్మకాలు ఇక్కడ 2001తో ఆగిపోయాయి. అయినా రాళ్ల దారుల్లో తిరిగేవాళ్లు ఇప్పటికీ వెతికి మరీ కొనుక్కుంటారు.

దానితో వచ్చిన చిక్కల్లా చలికాలమే. పొద్దున్నే జీరో ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ 18 ఉన్నప్పుడు ఆ సీటు మీద కూర్చోవడమంటే ఐస్ దిమ్మ మీద కూర్చున్నట్టే. బండి హీటర్ పనిచేసేది ఇంజిన్ నీళ్ల వేడితో. ఇంజిన్ వేడెక్కేదాకా మనం వణుకుతూ ఉండాల్సిందే. సీట్ హీటర్ అలా కాదు. కరెంటు వెళ్లిన రెండు మూడు నిమిషాల్లోనే వెచ్చబడుతుంది. ఇదేం కొత్త సంగతి కూడా కాదు. 1966లోనే కాడిలాక్ కార్లలో ఆప్షన్‌గా వచ్చింది. నా జీపులో మాత్రం లేదు.

సరే, పెట్టేద్దాం అనుకున్నా. అప్పటికి ఇంకో కారణం కూడా ఉంది. అక్క డెలివరీ కోసం అమ్మానాన్న ఖమ్మం నుంచి నవంబర్‌లో వస్తున్నారు. ఎండలకి పుట్టి పెరిగినవాళ్లు. స్వెటర్ అంటే సంక్రాంతి ముందు నాలుగు రోజులు వేసుకునేది అనుకునేవాళ్లు. వాళ్లని ఆ ఐస్ దిమ్మ మీద ఎలా కూర్చోబెట్టను?

ఆన్‌లైన్‌లో కిట్ తెప్పించా. సీటుకి రెండు కార్బన్ ఫైబర్ ప్యాడ్లు.. కూర్చునే చోట ఒకటి, వీపు దగ్గర ఒకటి. హై, లో అని స్విచ్. ఫ్యూజ్, రిలే ఉన్న వైరింగ్ సెట్టు కూడా అందులోనే ఉంది. ప్యాడ్లు పెట్టడానికి ఒక శనివారం మొత్తం పట్టింది. సీటు బోల్టులు విప్పి బయటికి తీయాలి. కవర్‌ని ఫోమ్‌కి పట్టి ఉంచే చిన్న ఇనుప రింగులు కత్తిరించాలి. ప్యాడ్ ఎక్కడా ముడత పడకుండా పరవాలి. ముడత పడితే వేడి అక్కడే పోగవుతుంది. అంతవరకు బుద్ధిగానే చేశా.

తప్పు చేసింది వైరింగ్ దగ్గర. కిట్ కాగితంలో బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగమని ఉంది. బానెట్ ఎత్తాలి, ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న ఇనుప గోడలోంచి వైరు తీసుకురావాలి. బయట మంచు పడుతోంది, చేతులు కొంకర్లు పోతున్నాయి. డ్యాష్‌బోర్డ్‌లో సిగరెట్ లైటర్ సాకెట్‌కి వెళ్లే వైరు చేతికి అందేంత దూరంలోనే కనిపించింది. దాని మీద ఒక నీలం రంగు ప్లాస్టిక్ క్లిప్ పెట్టి నొక్కేశా. వైరు తొక్క ఒలవక్కర్లేదు, లోపలున్న చిన్న రేకు తొక్కని కోసుకుని రాగిని తాకుతుంది. రెండు నిమిషాల పని. లెక్క కూడా వేసుకున్నా. రెండు సీట్లకి కలిపి 100 వాట్లు. 100ని 12 వోల్టులతో భాగిస్తే 8.3 ఆంప్స్. లైటర్‌కి ఫ్యూజ్ ఎలాగూ ఉంది. ఏదైనా తేడా వస్తే అదే పోతుంది కదా!

ఇంజనీరింగ్ నాలుగేళ్లు చదివినవాడి లెక్క అది.

"ఏందిరా ఆ వాసన?"

అమ్మానాన్న వచ్చిన రెండో వారం. ఇండియన్ స్టోర్‌లో సరుకులు తీసుకుని రాత్రి ఇంటికి వస్తున్నాం. నాన్న ముందు సీట్లో, అమ్మ వెనక. సీటు వెచ్చగా ఉందని అప్పటికే నాన్న రెండుసార్లు మెచ్చుకున్నారు. మూడోసారి మెచ్చుకుంటారేమో అనుకుంటుంటే, ముక్కు ఎగబీల్చారు.

"ఏందిరా ఆ వాసన?"

నాకేం రావట్లేదు. వెనక కొత్తిమీర, కరివేపాకు, మెంతికూర సంచులున్నాయి. అదే అన్నా.

"కూరాకు వాసన నాకు తెల్వదా? వైరు కాలుతోంది. బండి పక్కకి ఆపు."

ఇక్కడ మా నాన్న గురించి ఒక మాట చెప్పాలి. ఖమ్మంలో ముప్పై ఏళ్లకి పైగా మోటార్ వైండింగ్ షాపు నడిపారు. బోరు మోటార్లు కాలిపోయి రైతులు ట్రాలీల్లో వేసుకొచ్చేవారు. మోటారు విప్పకముందే, వాసన చూసి ఎక్కడ కాలిందో సగం చెప్పేసేవారు. ఆ ముక్కుతో వాదించే ధైర్యం నాకు లేదు. ఆపేశా.

ఫోన్ లైట్ వేసి డ్యాష్‌బోర్డ్ కిందకి చూస్తే, నీలం క్లిప్ సగం కరిగి గోధుమ రంగులోకి మారింది. పక్కనున్న వైర్ల తొక్కలు కూడా మెత్తబడ్డాయి. వెంటనే హీటర్లు ఆపేసి ఫ్యూజ్ బయటికి లాగా. అది చక్కగా ఉంది. లోపలి తీగ తెగనే లేదు.

"ఫ్యూజ్ ఎందుకు పోలేదు నాన్నా?" అన్నా.

"లూజ్ కనెక్షన్‌కి ఫ్యూజ్ ఎందుకు పోతదిరా?" అన్నారు, ఇదో ప్రశ్నా అన్నట్టు.

19 వాట్ల గొప్పతనం

మర్నాడు పగటి వెలుతురులో, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పక్కన పెట్టుకుని ఒకే ఒక్క నిమిషం హీటర్లు ఆన్ చేసి, మల్టీమీటర్‌తో చూశాం. మీటర్ రెండు పుల్లలూ ఆ క్లిప్‌కి చెరో పక్క ఆనించాం. మంచి కనెక్షన్ అయితే అక్కడ దాదాపు సున్నా చూపించాలి. మాకు 3 వోల్టులు చూపించింది. అంటే బ్యాటరీ ఇచ్చే 12లో 3 ఆ క్లిప్ దగ్గరే ఖర్చవుతున్నాయి. సీట్లకి చేరేది 9.

ఇప్పుడు లెక్క చూడండి. ప్యాడ్లకి 12 వోల్టులు అందితే 8.3 ఆంప్స్ లాగుతాయి. 9 మాత్రమే అందితే లాగేది సుమారు 6.25 ఆంప్స్. కరెంటు తగ్గింది! ఫ్యూజ్‌కి తెలిసింది ఒక్కటే.. తన గుండా ఎంత కరెంటు పోతోంది అని. అది తగ్గితే ఫ్యూజ్ దృష్టిలో అంతా క్షేమం. అదే సమయంలో ఆ క్లిప్ దగ్గర 3 వోల్టులు గుణించు 6.25 ఆంప్స్, అంటే దాదాపు 19 వాట్ల వేడి పుడుతోంది. ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. దానికి కాస్త తక్కువ వేడి, చిక్కుడు గింజంత ప్లాస్టిక్ ముక్కలో, కార్పెట్లూ వైర్లూ ఉన్న చీకటి మూలలో.

సీటులో పుట్టాల్సిన వేడి డ్యాష్‌బోర్డ్‌లో పుడుతోందన్నమాట.

అసలు కనెక్షన్ ఎందుకు చెడింది? ఆ క్లిప్ రేకు తొక్కతో పాటు రాగి పోగుల్ని కూడా కొన్ని కోసేస్తుంది. మామూలు రోడ్డు మీద తక్కువ కరెంటుకి అది చాలాకాలం నడవచ్చేమో. రాళ్ల దారిలో గంటల తరబడి కుదుపులు, బూట్లతో లోపలికి వచ్చే మంచు నీళ్ల చెమ్మ, దాని మీద 8 ఆంప్స్. పట్టు మెల్లగా వదులైంది. వదులైతే వేడి, వేడెక్కితే తుప్పు, తుప్పు పడితే ఇంకా వేడి.

నాన్న మాటల్లో అయితే ఇంకా సింపుల్. "మోటారు కరెంటుకి కాలదురా, లూజుకి కాలతది."

ఈసారి నాన్న సూపర్‌వైజర్

తర్వాతి శనివారం మొత్తం పీకేసి మళ్లీ మొదలుపెట్టాం. గరాజ్‌లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని, నాన్న సూపర్‌విజన్. నేను కూలీ.

మొదట బ్యాటరీ నెగెటివ్ విప్పాం. దానికంటే ముందు ఏ వైరూ ముట్టుకోకూడదు.

బ్యాటరీ పాజిటివ్ నుంచి వైరు బయల్దేరగానే, జానెడు దూరం లోపల 15 ఆంప్స్ ఫ్యూజ్. ఇది ఎందుకో చాలామందికి తెలియదు. ఫ్యూజ్ ఉండేది హీటర్‌ని కాపాడటానికి అనుకుంటాం. అది ముఖ్యంగా కాపాడేది వైరుని. ఫ్యూజ్‌కీ బ్యాటరీకీ మధ్య ఉన్న వైరు ముక్కకి మాత్రం కాపలా ఎవరూ లేరు. అది ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలిందంటే బ్యాటరీ శక్తి మొత్తం దానిలోంచే పోతుంది. అందుకే ఆ ముక్క వీలైనంత పొట్టిగా ఉండాలి. 15 ఎందుకంటే, ఇంజిన్ నడుస్తున్నప్పుడు వోల్టేజ్ 14 దాకా వెళ్తుంది, అప్పుడు ప్యాడ్లు 9.7 ఆంప్స్ లాగుతాయి. 10 పెడితే అంచున ఉంటుంది, ఊరికే పోతుంటుంది. విసుగొచ్చి మనం ఏ 30దో పెట్టేస్తాం. సన్న వైరుకి పెద్ద ఫ్యూజ్ పెట్టడమంటే ఫ్యూజ్ బదులు వైరుని కాల్చుకోవడమే.

వైరు 14 గేజ్ రాగిది. మన దగ్గర చదరపు మిల్లీమీటర్లలో చెప్పుకునే లెక్కలో దాదాపు 2. ఇంజిన్ గోడలో ముందే ఉన్న రబ్బరు బుష్ గుండా లోపలికి తెచ్చాం. ఉత్త రేకు కన్నంలోంచి తెస్తే ఆ అంచు కత్తిలా వైరుని కోస్తూనే ఉంటుంది. వైరు పొడవునా ప్లాస్టిక్ గొట్టం తొడిగి, కుదుపులకి ఊగకుండా టైలతో కట్టాం.

తర్వాత రిలే. ఇది తెలియక చాలామంది స్విచ్‌లు కాల్చుకుంటారు. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్. దాని కాళ్ల మీద నంబర్లుంటాయి. 30కి ఫ్యూజ్ నుంచి వచ్చే వైరు. 87 నుంచి సీట్లకి. 85 ఎర్త్‌కి. 86కి బండి తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరు. ఆ వైరు ఏదో మల్టీమీటర్‌తో వెతికా. తాళం తీస్తే సున్నా, తిప్పితే 12 చూపించేది కావాలి. దీనివల్ల లాభం ఏంటంటే, తాళం తీయగానే సీట్లు కూడా ఆగిపోతాయి. మర్చిపోయి దిగినా బ్యాటరీ దిగిపోదు, ఖాళీ బండిలో ప్యాడ్ కాలుతూ ఉండదు. ఈ చిన్న వైరుకి మాత్రం ప్యానెల్ నుంచి ట్యాప్ తీసుకున్నా తప్పులేదు. అందులో పారేది ఆంప్‌లో ఐదో వంతు కూడా ఉండదు. దానికీ చిన్న ఫ్యూజ్ వేశాం.

ఎర్త్ విషయంలో నాన్న నన్ను ఏడిపించారనే చెప్పాలి. నేను పెయింట్ మీదే స్క్రూ బిగించబోతే ఆపారు. ఎమ్రీ పేపర్‌తో పెయింట్ పోయి ఇనుము మెరిసేదాకా రుద్దించారు. వెళ్లిన కరెంటు అంతా అదే దారిలో తిరిగి రావాలి కదా, పాజిటివ్‌కి ఉన్న మర్యాద దానికీ ఉండాలట. బిగించాక తుప్పు పట్టకుండా పైన గ్రీజు.

కనెక్షన్లన్నీ లగ్గులు పెట్టి, సరైన క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కి, పైన వేడికి ముడుచుకునే స్లీవ్. ఒక్కోటి నొక్కాక నాన్న చేతికి ఇవ్వాలి. ఆయన గట్టిగా లాగి చూస్తారు. రెండు ఊడొచ్చాయి. ఏమీ అనలేదు, నా ఒళ్లోకి విసిరేశారు. మళ్లీ చేశా. మా ఆఫీసులో కోడ్ రివ్యూ ఎప్పుడూ అంత కఠినంగా జరగలేదు.

చివరికి హీటర్లు ఆన్ చేసి మీటర్ పెడితే, బ్యాటరీ నుంచి సీటు దాకా మొత్తం దారిలో పోతున్నది పావు వోల్టు. ఒక్కో కనెక్షన్ దగ్గర దాదాపు సున్నా. పావుగంట నడిపి, ప్రతి జాయింట్‌నీ నాన్న వేళ్లతో తడిమి చూశారు. అన్నీ చల్లగా ఉన్నాయి.

"ఇప్పుడు కూసుంట," అన్నారు.

ఒక్క హెచ్చరిక. నా జీపు పాతది కాబట్టి సీట్లలో ఎయిర్‌బ్యాగ్‌లు లేవు. కొత్త బండ్లలో సీటు పక్కనే ఎయిర్‌బ్యాగ్ ఉండొచ్చు. ప్యాసింజర్ సీటు కింద మనిషి బరువు పసిగట్టే సెన్సర్ ఉండొచ్చు. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు కనబడితే చేతులు వెనక్కి తీసుకుని, తెలిసిన మెకానిక్‌కి ఇచ్చేయండి.

కథ అక్కడ అయిపోలేదు

వైరింగ్ పర్ఫెక్ట్. నాకు ఎంత గర్వమంటే, బానెట్ ఎత్తి ఫ్రెండ్స్‌కి చూపించేవాణ్ని.

జనవరిలో ఒక ఆదివారం అమ్మానాన్నని లెడ్‌విల్ తీసుకెళ్లా. 10,000 అడుగులకి పైన ఉన్న పాత గనుల ఊరు. చుట్టూ తెల్లటి కొండలు, అమ్మ ఫోన్ నిండా ఫొటోలు. తిరుగు ప్రయాణంలో మంచు మొదలైంది. దానికి తోడు స్కీయింగ్‌కి వెళ్లినవాళ్లంతా ఒకేసారి డెన్వర్ దారి పట్టారు. రెండు గంటల దారి నాలుగు గంటలైంది. నాన్న సీటు హైలో ఉంది. ఆయన మధ్యలో నిద్రపోయారు కూడా. హాయిగా ఉన్నారులే అనుకున్నా.

రాత్రి అమ్మ నా గది తలుపు కొట్టింది. "నాన్న తొడ వెనక చూడరా ఒకసారి, ఎర్రగా కమిలిపోయింది."

చూశా. అరచేతి కన్నా పెద్ద ఎర్రటి మచ్చ. మధ్యలో చిన్న పొక్కు.

"మంట పుట్టలేదా నాన్నా?"

"లేదే. వెచ్చగా ఉందంతే."

పొద్దున్నే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లా. ఆవిడ ముందు అడిగింది ఒకటే. షుగర్ ఎన్నాళ్ల నుంచి? పద్దెనిమిదేళ్లు. ఒక సన్నటి ప్లాస్టిక్ తీగతో అరికాళ్ల మీద తాకుతూ, కళ్లు మూసుకుని తగిలినప్పుడల్లా చెప్పమన్నారు. డాక్టర్ తాకుతూనే ఉన్నారు. నాన్న మౌనంగానే ఉన్నారు.

ఆ గదిలో ఆ నిశ్శబ్దం నేను మర్చిపోలేను.

షుగర్ చాలా ఏళ్లు ఉంటే నరాలు దెబ్బతింటాయి. అది పాదాల్లో మొదలై మెల్లగా పైకి పాకుతుంది. వేడి, నొప్పి తెలియడం తగ్గుతుంది. మనకైతే సీటు కాస్త చురుక్కుమనగానే జరిగి కూర్చుంటాం, స్విచ్ ఆపేస్తాం. ఆ చురుక్కే అందకపోతే మనిషి కదలడు. బ్యాటరీ దగ్గర ఫ్యూజ్ ఉంది, అది బాగానే ఉంది. పోయింది నాన్న ఒంట్లోని ఫ్యూజ్. అది కూడా ఏ మెసేజూ ఇవ్వకుండా.

కారులో తిరిగి వస్తూ అడిగా. "పాదాలకి స్పర్శ తెలియట్లేదని ఎప్పుడూ చెప్పలేదేంటి నాన్నా?"

"నువ్వు అడిగితే గదరా."

వారం వారం వీడియో కాల్ చేస్తా. తిన్నావా, పడుకున్నావా, ట్యాబ్లెట్ వేసుకున్నావా.. అన్నిటికీ "ఆఁ బాగున్నా" అనే జవాబు. నేను చదువుతున్నది కూడా కరెంటు తగ్గితే క్షేమం అనుకునే ఫ్యూజ్ లాంటి లాగ్‌నే.

బియ్యం బస్తా టెస్టు

ఆ రాత్రి కూర్చుని చదివా. చర్మం ఎంత వేడికి ఎంతసేపట్లో కాలుతుందో 1947లోనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు లెక్క కట్టి ప్రచురించారు. చర్మం 44 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే కాలడానికి సుమారు 6 గంటలు పడుతుంది. ఆ పైన కొంతదూరం వరకు ఒక్కో డిగ్రీ పెరిగే కొద్దీ టైమ్ దాదాపు సగం అవుతూ వస్తుంది. అంటే 47 డిగ్రీల దగ్గర ముప్పావు గంటే. 44 అంటే ఎంత? మే నెలలో ఖమ్మం మధ్యాహ్నం అంత. చేత్తో తాకితే "వెచ్చగా ఉంది" అనిపించేంతే. సీట్ హీటర్లకి గరిష్ఠ వేడి పరిమితి పెట్టమని కాలిన గాయాల నిపుణులు, భద్రత కోసం పనిచేసేవాళ్లు 2011లో ఇక్కడి హైవే సేఫ్టీ విభాగాన్ని కోరారు. అలాంటి గాయాలు అప్పటికే వాళ్ల దగ్గరికి వస్తున్నాయి కాబట్టే.

మరి నా సీటు ఎంత వేడెక్కుతోంది? ఇంత వైరింగ్ చేసి, ఇన్ని వోల్టులు కొలిచి, అసలు కొలవాల్సిన ఒక్క నంబర్‌ని నేను కొలవలేదు.

మర్నాడు కొలిచా. ఖాళీ సీటు మీద కొలిస్తే లాభం లేదు, గాలికి వేడి పోతుంది. మనిషి కూర్చుంటే వేడి బయటికి పోయే దారి ఉండదు. అందుకే ఇంట్లో ఉన్న 20 పౌండ్ల సోనా మసూరి బస్తా సీటు మీద పెట్టి, దాని కింద వంటింటి థర్మామీటర్ పుల్ల దూర్చి, పైన దుప్పటి కప్పా. హైలో 40 నిమిషాలకి 47 డిగ్రీలు. లోలో 39 దగ్గర ఆగింది.

బట్టల వల్ల చర్మం దాకా చేరేది కాస్త తగ్గుతుంది. అందుకే గాయం అంతటితో ఆగింది. లేకపోతే ఏమయ్యేదో ఆలోచించదలచుకోలేదు.

ఆ సాయంత్రమే ప్యాసింజర్ సీటు స్విచ్‌లో హై వైరు తీసేసి, చివర ఇన్సులేట్ చేసి పక్కన కట్టేశా. ఇక ఆ సీటుకి ఉన్నది లో మాత్రమే. రిలే 86కి వెళ్లే చిన్న వైరులో ఒక టైమర్ పెట్టా. 15 నిమిషాలకి సీట్లు వాటంతట అవే ఆగిపోతాయి. ఇంకా కావాలంటే మళ్లీ నొక్కాలి. నిద్రపోయిన మనిషి నొక్కలేడు. కావాల్సింది అదే.

మనకెందుకు ఇదంతా అంటే..

హైదరాబాద్‌లో సీట్ హీటర్ ఎవరికి కావాలి, లంబసింగిలో కూడా అక్కర్లేదు అంటారేమో. నిజమే. కానీ మీ పాత థార్‌కి, జిప్సీకి ఎల్ఈడీ లైట్ల బార్ పెట్టించి ఉంటారు. బుల్లెట్‌కి ఫాగ్ లైట్లు, కారుకి పెద్ద హారన్, యాంప్లిఫయర్, సీటు కూలర్. కరెంటుకి వాటి పేర్లు తెలియవు. బ్యాటరీ పక్కన ఫ్యూజ్ ఉందా? రిలే ఉందా? వైరు గోడలోంచి వచ్చేచోట రబ్బరు బుష్ ఉందా? ఎర్త్ పెయింట్ మీద ఉందా, ఇనుము మీద ఉందా? రెండు వైర్లు మెలేసి టేపు చుట్టేసిన జాయింట్ ఎక్కడైనా ఉందా? ఈ ఆదివారం ఒక్క పది నిమిషాలు బానెట్ ఎత్తి చూడండి. పెట్టినవాణ్ని అడగండి. అర్థం కాకపోతే మంచి ఆటో ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. ఫ్యూజ్ పోలేదు కాబట్టి అంతా బాగుందని మాత్రం అనుకోకండి.

ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు ఉంటే వేడినీళ్ల సంచి, ఎలక్ట్రిక్ దుప్పటి, హీటింగ్ ప్యాడ్.. ఇవన్నీ కూడా ఇదే లెక్కలోకి వస్తాయి. వేడి ఎంతుందో వాళ్లని అడిగి వదిలేయకండి. మీ చెయ్యి పెట్టి చూడండి.

నాన్న గాయం మానడానికి మూడు వారాలు పట్టింది. ఏప్రిల్‌లో ఖమ్మం వెళ్లిపోయారు. ఇప్పుడూ ఆదివారం ఆదివారం వీడియో కాల్ చేస్తా. తిన్నావా, పడుకున్నావా అని అడగడం తగ్గించా.

"కెమెరా కిందకి తిప్పు నాన్నా, అరికాళ్లు చూపించు."

"నీకేం పనిలేదురా," అంటూనే చూపిస్తారు. ముందు కుడికాలు, తర్వాత ఎడమకాలు. మొన్న ఎడమ మడమ దగ్గర చిన్న చీలిక కనిపించింది. ఆయనకి తెలియనే తెలియదు. అమ్మ అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది.